మొదటి ఎపిసోడ్ చూసి కామెడీ సీరియల్‌కి మార్కులు వెయ్యొచ్చా?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగారు: "నాకు బాగా నచ్చిన ఒక తెలుగు కామెడీ సీరియల్ పన్నెండు వారాలకే ఆగిపోయింది. మొదటి వారమే రివ్యూల్లో ఉతికి ఆరేశారు. ఆ రివ్యూల వల్లే ఆపేశారా? నేనూ టీవీ, ఓటీటీ కామెడీల మీద రివ్యూలు రాద్దామనుకుంటున్నాను అన్నగారూ. ఒక ఎపిసోడ్ చూసి రాయొచ్చా, ఎన్ని చూడాలి?"

రెండిటికీ జవాబు ముందే చెప్పేస్తాను. రివ్యూల వల్ల ఆగలేదు. ఒక ఎపిసోడ్ చూసి రాయకూడదు. ఎందుకో చెప్పాలంటే కాస్త సాగుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

నేను బరంపురంలో 1997 నుంచి పదకొండేళ్ళు కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఒక తెలుగు పత్రిక ఆదివారం పేజీకి టీవీ కార్యక్రమాల మీద రాశాను. సీరియల్‌ని ఇంటింటికీ పంపే పనీ చేశాను, దాన్ని తిట్టే పనీ చేశాను. రెండిట్లో మొదటి పనికే డబ్బులు టైముకి వచ్చేవి.

కంట్రోల్ రూమ్ అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. డాబా మీద మూడు డిష్‌లు, కింద ఒక ఇరుకు గది, గోడ వారన ఇనుప ర్యాకులో రిసీవర్లు, మాడ్యులేటర్లు. మే నెలలో వాటి వేడికి మనిషి నిలబడలేడు. అప్పటి టీవీల్లో పట్టే ఛానెళ్ళే తక్కువ. కొత్తది ఒకటి పెట్టాలంటే పాతది ఒకటి తియ్యాలి. ఒరియావాళ్ళకి ఒరియా కావాలి, మనవాళ్ళకి తెలుగు కావాలి, అందరికీ క్రికెట్ కావాలి. ఒక ఆదివారం రాత్రి మ్యాచ్ ఉందని జెమినీ తీసేసి ఆ నంబర్‌లో స్పోర్ట్స్ పెట్టాను. ఎనిమిదిన్నరకి అందులో 'అమృతం' కామెడీ సీరియల్ వస్తుందని తెలుసు. అరగంటే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఎనిమిదీ ముప్ఫైరెండుకి ఫోన్ మోగడం మొదలైంది, తొమ్మిదింటిదాకా ఆగలేదు. పట్టుచీరల కొట్టు పెద్దాయన ఒకరు, మూడుసార్లు తిప్పితే గాని కేబుల్ బిల్లు కట్టని మనిషి, తిట్లన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "పోనీ బాబూ, అప్పాజీ అద్దె వసూలుకి వచ్చాడో లేదో అదైనా కనుక్కుని చెప్పు" అన్నాడు.

నా లెక్కలో అసలైన టీఆర్పీ అదే. కానీ ఆ ఫోన్‌కాల్ ఏ లెక్కలోనూ పడదు. మీ సీరియల్ ఆగిపోవడానికి సగం కారణం ఇక్కడుంది.

మనం చూస్తే ఛానెల్‌వాళ్ళకి తెలిసిపోతుందని చాలామంది అనుకుంటారు. తెలియదు. కొన్ని ఇళ్ళలో మీటర్లు పెట్టి, ఆ ఇళ్ళలో ఎవరు ఏ ఛానెల్ ఎంతసేపు చూశారో దాన్నిబట్టి మొత్తం జనం లెక్క కడతారు. పూర్వం టామ్ అనే సంస్థ ఈ పని చేసేది, 2015 నుంచి బార్క్ చేస్తోంది. పల్లెటూళ్ళు లెక్కలోకి వచ్చిందే 2015 చివర్లో. 2020 నాటికి దేశం మొత్తం మీద మీటర్లున్న ఇళ్ళు సుమారు 44 వేలు, టీవీలున్న ఇళ్ళు 20 కోట్ల పైచిలుకు. ఇదంతా మోసం అని నేను అనను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా. కాకపోతే మన కుండ వేరే పొయ్యి మీద ఉంది. తెలుగు ఛానెళ్ళు "మా సీరియల్‌కి ఇంత రేటింగ్" అని చెప్పుకునేది ఆంధ్ర, తెలంగాణ కలిపిన మార్కెట్ లెక్క. ఒడిశా ఇంకో మార్కెట్. కాబట్టి బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో, జయపురంలో, మీ గుణుపురంలో మనం కడుపుబ్బా నవ్వినా హైదరాబాద్‌లో ప్రకటనలు అమ్ముకునేవాడి కాగితం మీద ఆ నవ్వు ఉండదు. అటు మహారాష్ట్రలో సిరొంచ, బల్లార్షా తెలుగువాళ్ళ సంగతీ అంతే. 1936లో గంజాం జిల్లా మద్రాసు నుంచి ఒడిశాకి వెళ్ళింది మొదలు మనం ఎవరి లెక్కలోకి వస్తామో తేలనే లేదు, టీవీవాళ్ళని అని ఏం లాభం.

మిగతా సగం కారణం ఖర్చు. డైలీ సీరియల్‌లో ఒక గాజుల పెట్టె పోయిందంటే మూడు వారాలు నడిపించొచ్చు. అదే ఇల్లు, అదే సోఫా, అత్తగారి ముఖం మీదికి కెమెరా మూడుసార్లు వెళ్ళొస్తే ఒక నిమిషం గడిచిపోతుంది. కామెడీలో అలా కుదరదు. ప్రతి ఎపిసోడ్‌కీ కొత్త చిక్కు పుట్టాలి, ముదరాలి, విడిపోవాలి, ప్రకటనలు పోగా మిగిలే ఇరవై, ఇరవైరెండు నిమిషాల్లో. రాసేవాళ్ళు అరిగిపోతారు. అదే అరగంటలో పాత సినిమాల కామెడీ సీన్లు ముక్కలు కోసి వేస్తే ఛానెల్‌కి దాదాపు ఖర్చే లేదు, జనమూ చూస్తారు. కొత్త కామెడీ సీరియల్ పోటీ పడాల్సింది పక్క ఛానెల్‌తో కాదు, సొంత ఛానెల్ బీరువాలో ఉన్న పాత సినిమాలతో. ఆ పోటీలో పన్నెండు వారాలు నిలబడింది అంటేనే నేను దణ్ణం పెడతాను.

ఇంకొకటి ఉంది, దాన్ని రివ్యూవర్లు ఎవరూ పట్టించుకోరు. మా అమ్మ సాయంత్రం అప్పడాలు ఒత్తుతూ సీరియల్ చూసేది. చూసేది అంటున్నాను గాని, వినేది. కళ్ళు పీట మీద, చెవులు టీవీ మీద. డైలీ సీరియల్‌కి చెవులు చాలు. ఢమఢమమని వాయిద్యం మోగితే తలెత్తుతుంది, ఎవరో చెంపదెబ్బ తిని ఉంటారు, మళ్ళీ పీట మీదికి. కామెడీకి కళ్ళు కావాలి. ఒకడు మాట్లాడుతుంటే వెనకాల ఇంకొకడు ముఖం ఎలా పెట్టాడన్నదే అక్కడ జోకు. ఇది మన ఇళ్ళకే కాదు, అమెరికా ఇళ్ళకీ వర్తించింది. 1982లో ఏబీసీ ఛానెల్ 'పోలీస్ స్క్వాడ్' అని ఒక సీరియల్ వేసింది. తెర మీద ఎపిసోడ్ పేరు ఒకటి కనిపిస్తుంది, గొంతు ఇంకో పేరు చదువుతుంది. అంతా అలాంటి వ్యవహారమే. ముందువైపు గంభీరంగా పోలీసు విచారణ, వెనకాల గోడ దగ్గర ఏదో గందరగోళం. మొత్తం ఆరే ఆరు ఎపిసోడ్లు. ఎందుకు ఆపారంటే ఛానెల్ పెద్ద చెప్పిన కారణం, అది అర్థమవ్వాలంటే జనం దాన్ని కళ్ళు పెట్టి చూడాల్సి వస్తోంది అని! అందరూ ఆయన్ని చూసి నవ్వారు గాని, మా అమ్మ అప్పడాల పీట గుర్తొస్తే నాకు ఆయన చెప్పింది తప్పనిపించదు. ఆ ఆరు ఎపిసోడ్లకే హీరో లెస్లీ నీల్సన్‌కి ఎమ్మీ (అమెరికా టీవీ అవార్డు) నామినేషన్ వచ్చింది. ఆరేళ్ళ తర్వాత అదే పాత్రతో సినిమా తీస్తే ఆడింది, ఆపైన ఇంకో రెండు తీశారు. చీకటి హాల్లో అప్పడాలు ఎవరూ ఒత్తరు కదా.

ఇక రివ్యూలు చంపుతాయా అనే మాటకి వస్తాను. చంపవు, బతికించనూ లేవు. 'అరెస్టెడ్ డెవలప్‌మెంట్' అని 2003లో అమెరికా ఛానెల్ ఫాక్స్‌లో వచ్చింది. రివ్యూవర్లు నెత్తిన పెట్టుకున్నారు, 2004లో ఉత్తమ కామెడీగా ఎమ్మీ వచ్చింది. చూసే జనం రాలేదు. 2006లో ఆపేశారు. చాలా ఏళ్ళకి నెట్‌ఫ్లిక్స్ మళ్ళీ తీసింది, అది వేరే కథ. మన దగ్గర హిందీలో 'సారాభాయ్ వర్సెస్ సారాభాయ్' చూడండి. 2004లో స్టార్ వన్‌లో మొదలై 2006లో ముగిసింది. నడిచినన్నాళ్ళూ రేటింగ్ అంతంతమాత్రం. ఇవాళ దాన్ని పొగడని మనిషి లేడు. ఇప్పుడు పొగిడేవాళ్ళలో సగం మంది అప్పుడు చూసి ఉంటే ఇంకో రెండేళ్ళు నడిచేది.

రివ్యూ చెయ్యగలిగింది ఒకటే. తొందరపడి రాస్తే రాసినవాడి పరువు తీస్తుంది. నా పరువు ఎలా పోయిందో చెబుతాను.

2009 ప్రాంతంలో ఒక తెలుగు ఛానెల్‌లో శనివారం రాత్రి ఒక కామెడీ సీరియల్ మొదలైంది. పేరు చెప్పను, తీసినవాళ్ళు ఇంకా పనిలోనే ఉన్నారు. ఒక అపార్ట్‌మెంట్, నాలుగు కుటుంబాలు, మధ్యలో రిటైరైన గుమాస్తా ఒకాయన. మొదటి ఎపిసోడ్ అంతా ఆయన కనపడిన ప్రతివాడి చేతా రశీదు రాయించుకుంటాడు. పక్కింటికి కప్పు పంచదార అప్పిచ్చినా రశీదే. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు అదే. నాకు చిరాకేసింది. ఆదివారం మధ్యాహ్నానికల్లా మేటర్ పంపాలి, తర్వాతి వారం పేజీ ముందే కట్టేస్తారు. గేట్ బజార్ నెట్ సెంటర్‌లో కూర్చుని, గంటకి పదిహేను రూపాయలు ఇచ్చి, ముప్పావుగంటలో కడిగేశాను. "రశీదు మాకూ ఇవ్వండి, పోయిన అరగంట తిరిగి వసూలు చేసుకుంటాం" అన్నది ఆఖరి వాక్యం. ఆ వాక్యం మీద నాకు ఎంత ముచ్చటంటే, మా ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆవిడ నవ్వలేదు, ఆ ముక్కా చెప్పాలి.

నెల తర్వాత ఏదో పనుండి ఇచ్ఛాపురంలో మా బావమరిది ఇంటికి వెళ్ళాను. శనివారం. వాళ్ళింట్లో ఆ సీరియల్ పెట్టారు. అయిదో ఎపిసోడ్. లిఫ్ట్‌లో కరెంటు పోయింది. లోపల ఆ గుమాస్తా, ఇంకో కుర్రాడు. చీకటి. కుర్రాడికి భయం, ఊపిరాడటం లేదు అంటున్నాడు. గుమాస్తా దగ్గర అగ్గిపెట్టె ఉంది. గీశాడు. వెలుగులో ఆయన ముఖం కనిపించింది, కుర్రాడి ముఖం కనిపించింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆయన మెల్లగా రెండో చెయ్యి చొక్కా జేబు వైపు పోనిచ్చాడు. అంతే. ఇంకా పుస్తకం బయటికి రానే లేదు, మా బావమరిది కూతురు "రశీదూ!" అని అరిచింది, ఇంట్లో ఎనిమిదిమందిమీ పడీ పడీ నవ్వాం. నేను కూడా. అగ్గిపుల్ల ఆయన వేలు కాల్చింది, మళ్ళీ చీకటి, చీకట్లోంచి "సంతకం ఎక్కడ పెట్టాలండీ" అని కుర్రాడి గొంతు.

మొదటి ఎపిసోడ్‌లో నేను ఏ విషయాన్ని తిట్టానో అది లేకపోతే ఈ నవ్వు లేదు. ఆ అయిదు రశీదులు జోకులు కావు, పునాదులు. తవ్వుతున్నవాణ్ణి చూసి ఇల్లు బాగాలేదని రాసినట్టయింది నా పని. కామెడీ సీరియల్ అంటే కథ కాదు తమ్ముడూ, పరిచయం. మన వీధిలోకి కొత్తగా దిగినాయన మొదటిరోజు ఏం మాట్లాడినా మనకి నవ్వు రాదు. ఆర్నెల్లకి ఆయన అరుగు మీద కూర్చుని ఊరికే గొంతు సవరించుకున్నా నవ్వొస్తుంది, తర్వాత ఏమంటాడో మనకి తెలుసు కాబట్టి. చీరల కొట్టు పెద్దాయనకి అప్పాజీ అలా తెలుసు. 'అమృతం' 2001 నవంబర్‌లో మొదలై ఆరేళ్ళు, 313 ఎపిసోడ్లు నడిచింది. అమృతం వేషం శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ ఇలా చేతులు మారింది. అయినా జనం వదల్లేదు. గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు, ఆ అప్పాజీ, ఆ సర్వం అందరూ ఇంట్లోవాళ్ళయిపోయాక మధ్యలో ఒకరు మారినా కాపురం నడిచిపోయింది.

సినిమాకి రాసినట్టు దీనికి రాస్తారు, అదీ మన మీడియాలో వచ్చే తంటా. సినిమా రెండున్నర గంటల్లో ముగిసిపోతుంది, ఉదయం ఆట చూసి మధ్యాహ్నం రాసినా వస్తువు మొత్తం చూసే రాసినట్టు. కామెడీ సీరియల్ మొదటి అరగంట చూసి "కథలో కొత్తదనం లేదు, స్క్రీన్‌ప్లే నెమ్మదించింది, నేపథ్య సంగీతం ఫర్వాలేదు, రెండుంపావు" అని వేస్తే ఎలా? ఆ ఫార్మాట్‌లో నవ్వుకి గడే లేదు. పైగా మన పత్రికల్లో టీవీ మీద రివ్యూ అనేదే అరుదు. ఏ టైముకి ఏది వస్తుంది, ఏ నటి ఎందుకు మానేసింది, ఇంతే. కాబట్టి ఎప్పుడో ఒకసారి రాసే ఆ ఒక్క రివ్యూ మొదటి వారమే రాసేసి, మళ్ళీ దాని మొహం చూడరు. ఆగిపోయిన రోజున మాత్రం "జనాదరణ కరువై" అని రెండు లైన్లు.

పెద్దపెద్దవాళ్ళకీ ఈ పొరపాటు తప్పలేదు. అమెరికా కామెడీ 'సైన్‌ఫెల్డ్' మొదటి ఎపిసోడ్‌ని 1989లో ప్రేక్షకులకి చూపించి అభిప్రాయం అడిగితే బాగాలేదన్నారు. ఎన్‌బీసీ ఛానెల్ దాన్ని దాదాపు వదిలేసి, మళ్ళీ మనసు మార్చుకుని ఇంకో నాలుగంటే నాలుగు తియ్యమంది. అది 1998 దాకా, 180 ఎపిసోడ్లు నడిచింది. అంతకుముందు 1982లో మొదలైన 'చీర్స్' మొదటి సీజన్‌లో రేటింగ్ పట్టికలో అట్టడుగున ఉండేది. అక్కడ మాత్రం రివ్యూవర్లు బాగుందనే రాశారు, ఛానెల్ కూడా ఓపిక పట్టింది, పదకొండు సీజన్లు వచ్చింది. బ్రిటన్‌లో 'ఫాల్టీ టవర్స్' స్క్రిప్టు చదివిన బీబీసీ ఉద్యోగి ఒకాయన ఇది ఘోరంగా ఉందని మెమో రాశాడు. అయినా తీశారు. 1975లో ఆరు, 1979లో ఆరు, కలిపి పన్నెండే ఎపిసోడ్లు. 2000లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తమ దేశపు వంద టీవీ కార్యక్రమాల జాబితా వేస్తే మొదటి స్థానం దానికే వచ్చింది.

ఆ పన్నెండు గురించి ఇంకో మాట. తక్కువ ఎపిసోడ్లు ఉన్నవన్నీ ఆగిపోయినవి కావు. కొన్ని అంతవరకే అనుకుని తీసినవి. బ్రిటన్‌లో ఆరు అనేది మామూలు లెక్క. మన దూరదర్శన్ రోజుల్లో పదమూడు ఎపిసోడ్లకి అనుమతి ఇవ్వడం రివాజు. జస్పాల్ భట్టీ 'ఫ్లాప్ షో' 1989లో వచ్చింది, మొత్తం పది ఎపిసోడ్లు. మా ఇంట్లో హిందీ సగం సగమే వచ్చు. అయినా మెడికల్ బిల్లుల ఎపిసోడ్ చూసి మా నాన్న వారం రోజులు ఆఫీసులో చెప్పుకుని నవ్వాడు, ఆయన సీటులో ఆ బిల్లులే పాస్ అయ్యేవి మరి. దాన్ని ఎవరైనా "పది వారాలకే మూతపడిన సీరియల్" అని రాస్తే తప్పు. మీరు రివ్యూ రాసేముందు ఇది ఆగిందా, ముగిసిందా అన్నది కనుక్కోండి. ఒక్క ఫోన్‌తో తేలే పని.

అయితే మీరు రెండో గోతిలో పడకుండా కూడా చెప్పాలి. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. ఆగిపోయిన ప్రతి సీరియల్‌నీ అర్థంకాని ఆణిముత్యం అనడం ఇప్పుడు యూట్యూబ్‌లో ఒక ఫ్యాషన్. నేను ఎనిమిదేళ్ళలో చూసిన ఆగిపోయిన కామెడీలు ఒక ముప్ఫై ఉంటాయి. అందులో "అయ్యో" అనిపించినవి మూడు. మిగతావి ఆగడమే మంచిదైంది. 2006 జనవరిలో ఏబీసీలో 'ఎమిలీస్ రీజన్స్ వై నాట్' అని ఒకటి ఊరంతా హోర్డింగులు పెట్టి మొదలుపెట్టారు, ఒకే ఒక్క ఎపిసోడ్ వేసి తీసేశారు. దాని కోసం ఇప్పటికీ ఎవరూ కన్నీళ్ళు పెట్టుకోవడం లేదు. చెడ్డ కామెడీని అయిదు ఎపిసోడ్లు చూసినా చెడ్డదే. అసలు మనుషులే లేకుండా డైలాగులు మాత్రమే ఉంటే పరిచయం ఎవరితో పెరుగుతుంది?

తేడా ఎలా తెలుస్తుంది అంటే, నేను చేసే పని ఒకటి చెబుతాను. మొదటి ఎపిసోడ్‌లో బాగా పేలిన డైలాగు తీసుకుంటాను. దాన్ని ఇంకో పాత్ర నోట్లో పెట్టి చూస్తాను. ఎవరన్నా అంతే నవ్వొస్తోంది అంటే అది జోకు, ఫోన్‌లో వచ్చే ఫార్వర్డ్ లాంటిది. దానిమీద సీరియల్ నిలవదు. ఆ మనిషి అంటేనే నవ్వొస్తోంది అంటే అక్కడ ఒక మనిషి ఉన్నాడు, మూడు వారాలు ఆగి చూడాలి. నా గుమాస్తా రశీదుకి ఈ పరీక్ష పెట్టి ఉంటే పాసయ్యేది. నేను పెట్టలేదు.

ఎన్ని చూడాలి అన్నారు. వారానికొకటి వచ్చేదైతే కనీసం నాలుగు. మొదటి వారమే రాయక తప్పదంటే "మొదటి ఎపిసోడ్ మాత్రమే చూశాను" అని పైనే రాసి, మార్కులు వెయ్యకండి. నెల తర్వాత మళ్ళీ రాయండి. ఓటీటీలో చాలావరకు అన్నీ ఒకేసారి పెడతారు కాబట్టి అన్నీ చూసి రాయడానికి ఇబ్బంది లేదు, కానీ అక్కడ ఇంకో చిక్కు. రాత్రి పదకొండుకి ఒక్కడివీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వరసపెట్టి ఆరు చూస్తే ఏ కామెడీ అయినా నాలుగోదానికి మొహం మొత్తుతుంది. పాత కామెడీల మధ్య వారం గడువు ఉండేది, ఆ వారంలో సోమవారం ఆఫీసులో, మంగళవారం కొట్లో దాన్ని మళ్ళీ చెప్పుకునేవాళ్ళం. కాబట్టి రోజుకి ఒకటి చొప్పున, వీలైతే ఇంట్లోవాళ్ళతో కలిసి చూడండి. వాళ్ళు ఎక్కడ నవ్వారో చూడండి. మీరు నవ్వనిచోట వాళ్ళు నవ్వితే అదీ రాయండి. ఏ రోజుల్లో మొదలైందో కూడా గమనించండి. మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరిగే నెలలో సాయంత్రం కంట్రోల్ రూమ్‌కి ఫోన్లే ఉండేవి కావు, ఊరంతా వేషాల వెనకే తిరిగేది. ఆ నెలలో స్వర్గం నుంచి సీరియల్ దిగొచ్చినా చూసే నాథుడు లేడు. క్రికెట్ సీజన్‌లో మొదలుపెట్టి, నాలుగో వారం టైము మార్చి, ఏడో వారం రోజు మార్చితే దాన్ని సీరియల్ తప్పు అనకూడదు.

మీరు గుణుపురంలో ఉండి రాస్తున్నారు కాబట్టి, హైదరాబాద్ రివ్యూవర్ కంటికి ఆనని ఒక సంగతి మీ కంటికి ఆనాలి. యాస. మన కామెడీల్లో ఇంటి యజమాని ఒక తెలుగు మాట్లాడతాడు, వాచ్‌మన్, పనిమనిషి, వంటవాడు ఇంకో తెలుగు మాట్లాడతారు. ఆ ఇంకో తెలుగు చాలాసార్లు మనది, శ్రీకాకుళం నుంచి బరంపురం దాకా ఉన్నది. "ఏటి, ఎలాగున్నావు" అనగానే వెనకాల నవ్వుల టేప్ వేస్తారు. ఏమన్నాడని నవ్వు? ఏమీ అనలేదు, బాగోగులు అడిగాడు. మా నాయనమ్మ జీవితమంతా అలాగే పలకరించింది, ఎవరూ టేప్ వెయ్యలేదు. యాసలో ఒక మనిషి తెలివి, కోపం, పొగరు కనిపిస్తూ నవ్వు పుడితే నేను అందరికంటే ముందు నవ్వుతాను. యాసే జోకు అయితే అది రాసినవాడి బద్ధకం. తెలుగు పేపర్లలో టీవీ రివ్యూలు చదువుతున్న ఇన్నేళ్ళలో ఈ ముక్క రాసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. మీరు రాయండి. ఒరియా మాట్లాడే పాత్ర వస్తే ఆ ఒరియా సరిగ్గా ఉందో లేదో కూడా మీరే చెప్పగలరు. ఒకసారి ఒక సీరియల్‌లో ఒరియా వంటవాడు బెంగాలీ మాట్లాడాడు, మా వీధంతా దానికే నవ్వింది, తీసినవాళ్ళకి ఎందుకో తెలియనే తెలియదు.

డబ్బుల మాట అడగలేదు గాని చెబుతాను. టీవీ రివ్యూలతో ఇల్లు గడవదు. నాకు ఒక్కో ముక్కకి మూడొందలు ఇచ్చేవారు, అదీ ఆర్నెల్లకి కలిపి.

మీరు చెప్పిన సీరియల్ నేను వెతికాను. ఛానెల్ వాళ్ళ యూట్యూబ్‌లో ఏడు ఎపిసోడ్లు ఉన్నాయి, ఎనిమిది నుంచి పన్నెండు దాకా లేవు. మొదటిది నాకు నచ్చలేదు, రివ్యూవర్లని తప్పు పట్టలేను. నాలుగోదాంట్లో అల్లుడు మామగారి కళ్ళజోడు పెట్టుకుని బ్యాంకుకి వెళ్ళాడే, అక్కడ పట్టుకుంది. ఏడు ముగిసేసరికి ఆ కళ్ళజోడు ఇంకా తిరిగివ్వలేదు. మీ సెట్ టాప్ బాక్స్‌లో గాని, పెన్‌డ్రైవ్‌లో గాని ఎనిమిదోది రికార్డ్ చేసి ఉంటే చెప్పండి. వచ్చే నెల రాయగడ వస్తున్నాను, అక్కణ్ణించి గుణుపురం ఎంతసేపు.